మా నాయన గొంతుకు సరిపోయే సాఫ్ట్‌వేర్

ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలని నేను అడిగిన ప్రతివాళ్ళూ అందులో ఎన్ని ఎఫెక్టులు ఉన్నాయో చెప్పారు. నీకు దేనికమ్మా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. నాకు రాలే పూలు వద్దు, తిరిగే బొమ్మలు వద్దు. మా నాయన గొంతు కావాలి.

మా నాయనది పాకాల దగ్గర పల్లె. చెరకు పండించి బెల్లం వండే రైతు. మనిషి పొట్టి, బక్కపలచన. పిట్ట కొంచెం కూత ఘనం అని అమ్మ ఆయన ముందే అనేది. బావి దగ్గర నిలబడి కేక వేస్తే ఇంట్లో మేం కంచం కడిగి పెట్టేవాళ్ళం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా నాయన నోరు మంచిదని ఒట్టేసి చెప్పలేను గానీ, పెద్దది మాత్రం నిజం.

నా పెళ్ళయిన మరుసటి ఏడు ఆ గొంతులో పుండు ఉందన్నారు. వేలూరులో ఆపరేషన్ చేసి ప్రాణం నిలిపారు, మాట పోయింది. ఊపిరి పీల్చుకోవడానికి మెడ కింద ఒక రంధ్రం, దాని మీద ఎప్పుడూ ఒక తెల్ల తువ్వాలు. మాటిమాటికీ వేలూరు వెళ్ళాల్సి వచ్చేది, నేను ఉద్యోగానికి పోతే పసిపాపను చూసుకోవడానికి మనిషి కావలసి వచ్చింది. అలా అమ్మా నాయనా తిరుపతిలో మా ఇంటికి వచ్చేశారు.

పాప ఆపరేషన్ తర్వాత పుట్టింది. దానికి తాత అంటే మాట్లాడని మనిషి, తువ్వాలు. ఆస్పత్రివాళ్ళు మెడకు ఆనించి మాట్లాడే చిన్న మిషను ఒకటి ఇచ్చారు. మాటకంటే ముందు అది జుయ్యిమని మోగేది. నాయన దాంతో మొదటిసారి పాపను పిలిచిన రోజు, అది గుక్కపెట్టి ఏడ్చి నా చీరలో దూరింది. ఆ తర్వాత ఆయన కూర్చునే గదిలోకి పోవడమే మానేసింది. నాయన ఆ మిషనును బీరువాలో పెట్టేశాడు. పాప ఎదురొస్తే ఆయనే గోడవారకు తప్పుకునేవాడు, భయపడేది తనే అన్నట్టు.

అమ్మ దీన్ని నవ్వులాటగా తీసేయాలని చూసేది. "ముప్పయ్యేండ్లు ఆయప్పే మాట్లాడినాడు. ఇప్పుడు నా వంతు వచ్చింది," అనేది. నాయన భుజాలు కదిపి నవ్వేవాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఒళ్ళు మండేది. పాకాల సంతలో బండ్ల అవతలి మనిషిని పేరు పెట్టి పిలిచిన గొంతును నా బిడ్డ ఎరగకుండానే పెరగడం నాకు అన్యాయంగా తోచేది.

నా పెళ్ళి వీడియో క్యాసెట్టు ఉందిగా అనుకున్నాను. వేసి చూస్తే మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు. ఆ రోజుల్లో పెళ్ళి వీడియోలన్నీ అంతే. అందరూ పెదవులు కదుపుతారు, ఎవరి మాటా వినబడదు. అయితే మా నాయన పీనాసితనం మమ్మల్ని కాపాడింది. పాటలు వేయకముందు తీసిన అసలు క్యాసెట్ల మీద స్టూడియోవాళ్ళు మళ్ళీ ఇంకో పెళ్ళి తీసేవారు. నాయన దానికి ఒప్పుకోలేదు. "మేం కొనిన క్యాసెట్టు మీకాడ ఎందుకుండల్ల?" అని గట్టిగా అడిగి అన్నీ ఇంటికి తెచ్చుకున్నాడు. అవి ఇనపపెట్టెలో పట్టుచీరల కింద ఉన్నాయి.

మా ఆయన ఇంట్లో, నాయన కూర్చునే గదిలోనే ఒక మూల కంప్యూటర్ పెట్టుకుని శుభలేఖలూ ప్రశ్నపత్రాలూ టైపు చేసేవాడు. దానికి క్యాసెట్టును లోపలికి ఎక్కించే కార్డు ఒకటి కొన్నాం. కార్డుతోపాటు ఒక సాఫ్ట్‌వేర్ ఉచితంగా వచ్చింది. ఉచితం అంటే మా ఆయనకు ప్రాణం. అది చాలా సులువుగా ఉండేది, ఒప్పుకుంటాను. కానీ అందులో మాట బొమ్మకు అతుక్కుపోయి ఉండేది. కోస్తే బొమ్మ మారిన చోట కోయాలి, మాట ముగిసిన చోట కాదు. నాయన మాట మధ్యలో తెగి, వెనకనుంచి నాదస్వరం దూసుకొచ్చేది.

రెండోది మా వీధి చివర స్టూడియో అతను ఇచ్చాడు. అతనూ అప్పుడే కంప్యూటర్‌కు మారుతున్నాడు. కొత్త అల్లుడిని పరిచయం చేసినట్టు చూపించాడు.

"వెయ్యి ఎఫెక్టులు ఉండాయక్కా దీంట్లో. తాళి కడతా ఉంటే పైనుంచి పూలు పడతాయి. మీ నాయన్ని సూడు, గుండె బొమ్మలో పెడతా."

"మా నాయనకు గుండె బొమ్మ ఎందుకబ్బా?"

"అందరూ అడగతారక్కా."

నేనూ కోతికి కొబ్బరికాయ దొరికినట్టు ఒక ఆదివారమంతా దాంతో ఆడుకున్నాను. ఒక బటను నొక్కితే బొమ్మ కుడిఎడమలయింది. మా ఆయన ఎడమచేత్తో తలంబ్రాలు పోశాడు, నా పైట కుడి భుజం మీదికి వచ్చింది. వెనక నిలబడి చూస్తున్న అమ్మ, "తీసెయ్‌మే దాన్ని, అశుభం," అంది. అశుభం సంగతేమో గానీ, చిన్న ముక్క కోసినా కంప్యూటర్ కొయ్యబారిపోయేది. అది తేరుకునేలోపు నాకు కోపమూ వచ్చి పోయేది.

మూడోది మద్రాసు నుంచి మా ఆయన స్నేహితుడు పంపాడు. తెరిస్తే బూడిదరంగు కిటికీ, ఎఫెక్టు అన్నది మందుకైనా లేదు. దాన్ని పొగిడినవాళ్ళు ఒక్కరూ లేరు. కానీ అందులో బొమ్మ ఒక వరస, మాట ఇంకో వరస. గొంతు గీతలుగా కనబడేది, మా మిద్దె మీది నుంచి చూస్తే కొండలు కనబడినట్టు. రెండు మాటల మధ్య వెంట్రుకవాసి సందు ఉన్నా అక్కడ కోయవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఏది మంచిదని ఇప్పటికీ నన్ను అడుగుతారు. ఏం పోగొట్టుకోకూడదో ముందు తేల్చుకోండి అంటాను. వాళ్ళకది జవాబులా అనిపించదు.

చెడగొడుతూ, మళ్ళీ సరిచేస్తూ నేర్చుకున్నాను. నాయన "రాండి" అనే ముందు చిన్నగా ఊపిరి పీల్చేవాడు. అది అనవసరమని మొదట కోసేశాను. తర్వాత మనసొప్పక వెనక్కి తెచ్చాను. ముక్కుతో పీల్చిన ఊపిరి అది, ఇప్పుడు ఆయనకు అదీ లేదు. చివరి క్యాసెట్టుకు వచ్చేసరికి కొండలు పొట్టివయ్యాయి. అప్పగింతల నాటికి నాయన గొంతు బొంగురుపోయింది. పెళ్ళి అరుపులకు పోయింది, శొంఠి కషాయం తాగితే వస్తుందని అందరం అనుకున్నాం. తెర మీద ఆ గీతలు చూస్తూ చాలాసేపు ఏడ్చాను.

ఆయనకు చెప్పకుండా పాపకు వినిపించకూడదని, ఒక సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని నొక్కాను. స్పీకర్లలోంచి ఆయనే గదమాయించాడు. "ఏమ్మే, మజ్జిగ బిందె యాడ పెట్టినావు?"

వంటింట్లోంచి అమ్మ వెంటనే బదులిచ్చింది. "వసారాలోనే ఉండాది సూడు!"

ఆ తర్వాత గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ గడప దాకా వచ్చి, నాయన మూసుకున్న నోటివైపు చూసి, అక్కడే చతికిలబడింది. నాయన ఆమెవైపు చూడలేదు. తెర మీది మాటలతోపాటు ఆయన పెదవులు కదులుతున్నాయి. ఏ మాట ఎక్కడ ముగుస్తుందో నాకంటే ఆయనకే బాగా తెలుసు.

పనికొచ్చే మాటలన్నీ ఒక వరసలో పేర్చాను. చూస్తే అన్నీ మర్యాదలే. రాండి, రాండి. కూర్సోండి. ఎండలో వచ్చినారు, మజ్జిగ తాగండి. భోంచేసినారా? నిదానంగా పోదురులే. పెళ్ళికూతురి తండ్రికి పెళ్ళిలో ఇంకేం మాటలుంటాయి. ఊరంతటినీ తిట్టిన మనిషికి చివరికి మిగిలినవి పిలిచే మాటలూ పెట్టే మాటలూ మాత్రమే.

పాప పేరు అందులో లేదు. అప్పటికి పాపే లేదు. నేను ఊరుకోలేదు. భోజనాల దగ్గర ఒక అక్షరం, బస్సు వచ్చిందా అని అడిగిన చోట ఇంకొకటి, అలా కోసి అతికించి దాని పేరు తయారుచేశాను. విన్నాం. ముగ్గురు మనుషులు మూడు గదుల్లోంచి పలికినట్టుంది. నాయన అరచేయి అడ్డంగా ఊపాడు, పెదవులతో ఏదో అన్నాడు. ఆయన పెదవులు చదవడం మా అందరిలోకి అమ్మకే వచ్చు.

"అనని మాట అన్నెట్లు చెయ్యొద్దంటా ఉండాడు," అంది అమ్మ.

చెరిపేశాను. నా చేయి పట్టుకుని ఆయన కీబోర్డువైపు చూపించాడు. ఏది నొక్కాలని అడుగుతున్నాడు. కింది పొడుగు మీట చూపించాను. మొదట బెల్లం ముద్ద అణిచినట్టు అణిచాడు. తర్వాత అలవాటయింది.

పాప వసారాలో బొమ్మలకు అన్నాలు పెడుతోంది. నాయన మీట నొక్కాడు. "రాండి, రాండి." ఇల్లంతా వినబడింది. పాప తలుపు దగ్గరకు వచ్చి వీధివైపు చూసి, మా అమ్మను అడిగింది.

"ఎవురొచ్చినారు అవ్వా?"

"ఎవురూ లేదు. నిన్నే, మీ తాత పిలస్తా ఉండాడు."

"నన్నా? రాండి అనా?"

నాయన మళ్ళీ నొక్కాడు. ఆ ఇంట్లో దాన్ని అందరం రావే, పోవే అనేవాళ్ళమే. పాప గౌను దులుపుకుంది. పెద్దమనిషిలా నడుచుకుంటూ, తాను అడుగుపెట్టడం మానేసిన ఆ గదిలోకి పోయి తాత పక్కన నిలబడింది. "వచ్చినానండి," అంది. నాయన "కూర్సోండి" దగ్గరికి జరపమని నాకు సైగ చేశాడు. నాకు ఆ చోటు దొరకడం ఆలస్యమైంది. దొరికేసరికి పాప కూర్చునే ఉంది.

ఆ రోజు నుంచి అన్నానికి దాన్ని పిలిచే పని నాయనదే అయింది. మేం పిలిస్తే వచ్చేది కాదు. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కంప్యూటర్ ఆరిపోయింది. నేను కంచాలు పెట్టి, ఇక వసారాలో ఆడుకుంటున్న పాపను ఎలా లేపాలా అని చూస్తున్నాను. నాయన వసారా గడపలో నిలబడి రెండుసార్లు చప్పట్లు కొట్టాడు. పాప తలెత్తింది. ఆయన పెదవులు మాత్రం కదిపాడు.

"వస్తా ఉండానండి," అని పాప లేచి చేతులు కడుక్కోవడానికి పోయింది.