ఫాగ్ లైట్లు, ఉస్తాద్ కళ్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి ఇంట్లో వాళ్లకూ తెలుసు, కాలేజీలో నా దగ్గర చదువుకున్న పిల్లలకూ తెలుసు. కారు విషయంలో అయితే మరీను. అది రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు. పైకప్పు గుడ్డది. నేను పుట్టకముందు ఏ దేశంలోనో తయారై, ఎవరెవరి చేతులో మారి, తెలంగాణ వచ్చిన కొత్తలో మోత్కూర్ దగ్గర ఒక షెడ్డులో దాణా బస్తాల కింద నాకు కనపడింది. డ్రైవర్ సీట్లో ఒక కోడి పొదుగుతోంది. దాన్ని లేపి కారు తెచ్చుకున్నాను. రోడ్డెక్కించడానికి నాలుగేళ్లు పట్టింది. మా ఆవిడ ఆ కారుకు సవతి అని పేరు పెట్టింది.

కారు లోపలి తీగలన్నీ కొత్తగా వేసింది చిట్యాలలో హైవే పక్కన దుకాణం ఉన్న ఉస్తాద్. లారీలకు, ట్రాక్టర్లకు కరెంటు పని చేయడంలో ముప్ఫై ఏళ్ల నుంచి ఆయన మాటంటే మాటే. చలికాలంలో పొద్దున్నే కాలేజీకి పోయేటప్పుడు పొలాల మీది పొగమంచు రోడ్డు మీదికి వస్తుంది. అందుకని ముందు భాగంలో కింద రెండు పసుపురంగు ఫాగ్ లైట్లు కూడా ఆయనే బిగించాడు. రెండు చలికాలాలు అవి చక్కగా వెలిగాయి.

మూడో ఏడు దసరా అయిన వారానికి స్విచ్ వేస్తే రెండూ వెలగలేదు. కారు చిట్యాలకు తీసుకుపోయాను. అప్పటికి ఉస్తాద్ రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయి నెల దాటింది. కొత్త అద్దాలు పెట్టుకుని, ఒక చిన్న బల్బుకు రెండు తీగలు కట్టిన టెస్ట్ ల్యాంపుతో ఒక్కొక్క చోటే చూసుకుంటూ వచ్చాడు. ఫ్యూజు బాగుంది. స్విచ్ బాగుంది. లైట్ల దాకా కరెంటు వస్తోంది. బల్బులు తీసి బ్యాటరీకి తగిలిస్తే భగ్గున వెలిగాయి. ఆయన లైట్లు బిగించిన ఇనుప పట్టీ ముందు కూర్చుని కాసేపు దాన్నే చూశాడు. తర్వాత లేచి, లైట్ల నుంచి ఇంజన్ దాకా ఒక నల్ల తీగ లాగాడు. రెండూ వెలిగాయి.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఆ తీగ నా కంట్లో నలుసులా పడింది.

"గీ తీగ ఏంది ఉస్తాద్? కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఇది లేదు గద. పాత బండి పాతతీరే ఉండాలె. తీసెయ్" అన్నాను.

"ఉండనీయ్ సార్. కనపడకుండ లోపలికెళ్లి ఏస్త" అన్నాడు.

"కొత్త తీగతోని వెలిగిందంటే, నువ్వు మొదలు ఏసిన తీగ ఎక్కడనో తెగినట్టే. అది దొరకవట్టు."

ఆయన నల్ల తీగ తీసేశాడు. లైట్లు ఆరిపోయాయి. ఇంకో గంట ఏదో వెతికాడు గానీ, తెగిన తీగ దొరకలేదు. పక్కనే చాయ్ హోటల్. బెంచీల మీద పది మంది దాకా లారీ డ్రైవర్లు కూర్చున్నారు. అంతమంది ముందు నేను గొంతు పెంచాను.

"ఆపరేషన్ అయినంక నీకు తీగలు కనపడ్తలేవు ఉస్తాద్. ఇగ దుకాణం బంద్ పెట్టు."

ఆయన అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. నేను కారెక్కి వచ్చేశాను.

నెల తర్వాత మా కాలేజీలో ఒకాయన తన కారు హారన్ పనికి వేరే దుకాణానికి పోయానని చెప్పాడు. చిట్యాల ఉస్తాద్ ఉండగా అక్కడికెందుకు పోయావని అడిగాను. "ఆయనకు కండ్లు కనపడ్తలేవంట గద. లారీలోళ్లు గూడ ఆగుతలేరట" అన్నాడు. ఆ మాట ఎక్కడ పుట్టిందో ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

ఆ ఆదివారం పొద్దున నేనే ఒక టెస్ట్ ల్యాంపు కట్టుకుని వాకిట్లో కారు ముందు కూర్చున్నాను. ఈ పాత కార్లలో లైటుకు వచ్చే తీగ ఒక్కటే. కరెంటు తిరిగి పోవడానికి కావలసిన రెండో తీగ పని కారు ఇనుమే చేస్తుంది. టెస్ట్ ల్యాంపు ఒక కొస కరెంటుకు పెట్టి, రెండో కొస లైట్ల పట్టీకి ఆనించాను. వెలగలేదు. గట్టిగా నొక్కితే చెయ్యి జారి పట్టీ మీద గీత పడింది. ఆ గీతలో ఆనించగానే వెలిగింది.

గీత చుట్టూ నిగనిగలాడే నల్ల రంగు. వేసింది నేనే. దసరాకు కారు కడిగి, లైట్లు విప్పి, పట్టీకి రెండు వరసలు రంగు పూసి, మళ్లీ లైట్లు బిగించి, పూజ చేసి, పసుపు కుంకుమ బొట్లు పెట్టాను. ఇనుముకూ ఇనుముకూ మధ్య నా రంగు అడ్డం పడింది. ఉస్తాద్ తీగ ఎక్కడా తెగలేదు.

మరునాడు పొద్దున్నే చిట్యాల పోయాను. దుకాణం ముందు ఒక్క బండీ లేదు. ఉస్తాద్ స్టూలు మీద కూర్చుని పాత డైనమో తుడుస్తున్నాడు. జరిగింది చెప్పాను.

"నాకు ఆ దినమే ఎరుకైంది సార్" అన్నాడు.

"మరి జర రంగు గీకి చూడకపోయినవా?"

"పట్టీ మీద పసుపు కుంకుమ ఉండె. మీరు పూజ చేసిన జాగల నేను బ్లేడు పెట్టి గీకుతే బాగుంటదా? గందుకే వేరే తీగ ఏసిన."

"నాకు చెప్పొద్దా?"

"మీ కోపం తగ్గినంక సల్లగ చెప్దామని, ఎతుకుతున్నట్టు చేసిన. గంతల మీరు నా కండ్ల మీద పడ్తిరి."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన నా పూజను కాపాడబోయాడు, నేను ఆయన బతుకుదెరువును నలుగురిలో తీసి పారేశాను. ఏ నలుగురిలో అన్నానో ఆ నలుగురిలోనే తప్పు ఒప్పుకోవాలనిపించింది. చాయ్ హోటల్ ముందుకు పోయి, బెంచీల మీద ఉన్నవాళ్లకు చెప్పాను. ఉస్తాద్‌కు కండ్లు కనపడవని నేను అన్న మాట అబద్ధమని, తప్పు నాదేనని.

చెప్పాక చూస్తే, ఒక్క ముఖమూ నేను ఎరిగింది కాదు. ఆనాడు విన్న డ్రైవర్లు ఆ మాట పట్టుకుని ఏ ఊళ్లకు పోయారో, మళ్లీ ఈ హోటల్‌లో ఎప్పుడు ఆగుతారో. ఉన్నవాళ్లలో ఒకాయన చాయ్ గ్లాసు కింద పెట్టి, పక్కాయనను మెల్లగా అడిగాడు. "ఏందట? గా ఉస్తాద్‌కు కండ్లు కనపడయా?"

ఉస్తాద్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "చాలు సార్" అన్నాడు. "ఇగ ఎవ్వరికీ చెప్పకుండ్రి."