పలచబడ్డ రెక్క అంచు

యాప్రాల్ నుంచి శామీర్‌పేట వెళ్లే మా ఆఫీసు వ్యానుకి స్పీడు బ్రేకర్లంటే గౌరవం లేదు. దారిలో కొత్తది వెలసిన సంగతి డ్రైవరు కన్నా ముందు నా క్యారేజీలోని పప్పుచారు కనిపెడుతుంది. ఆరోజు కూడా చొక్కా మీద ఆ సమాచారంతోనే దిగాను. కాబట్టి నా మనసు మరీ విశాలంగా ఉందని చెప్పలేను.

అంతరిక్షం నుంచి తిరిగొచ్చే వాహనం రెక్కలు ఎంత వేడెక్కుతాయో లెక్క కట్టడం మా చిన్న కంపెనీ పని. వాహనం అంత వేగంతో దూసుకొస్తుంటే ముందున్న గాలి ఒత్తుకుపోయి నిప్పులా కాగుతుంది. ఆ వేడిని మొదట తినేది రెక్క ముందంచే. దానికి నేను మందమైన కవచం గీశాను. బరువే, కానీ నాకు నిద్ర పడుతుంది. గాజులరామారం నుంచి వచ్చే మా జూనియర్ అమ్మాయి ఆ అంచుని ఇంకాస్త గుండ్రంగా మార్చి, కవచాన్ని పలచన చేసింది. అంచు మొద్దుబారితే వేడి తగ్గుతుందన్నది పాఠంలో ఉన్న మాటే. పాఠాలు నేనూ చదివాను. ఆమె లెక్క సరేనని నేనంటే, సోమవారం వేడి దీపాల కింద పెట్టి కాల్చే పరీక్షకు ఆమె అంచు వెళుతుంది. లేదంటే నాది.

తప్పు దొరకని లెక్కని మా ఆఫీసులో నమ్మరు. తప్పు పట్టనివాణ్ణి అసలే నమ్మరు. అందుకని వెతికాను. కంప్యూటర్లో రెక్కని ఇంకా చిన్న గడులుగా కోయించాను. జవాబు కదల్లేదు. గాలి వేడిని కావాలనే పెంచాను. అంచు కాస్త వేడెక్కి హద్దులోనే ఆగింది. ఇంత మర్యాదగా నడుచుకునే లెక్కని నా సర్వీసులో చూడలేదు. అనుమానం బలపడింది.

"ఈ మెటీరియల్ విలువలు ఎక్కడివమ్మా?"

"మీరిచ్చినయే సార్."

"నేనా?"

"మీ డిజైన్లకెళ్లే తీసుకున్న. గవి గూడ తప్పంటరా ఏంది?"

అనడానికి వీల్లేదు. కీబోర్డు ఆమె వైపు జరిపాను.

"ఎందుకైనా మంచిది, మొదటినుంచి ఇంకోసారి నడిపి చూద్దాం."

"పొద్దటిసంది గదే జేస్తున్నం గద సార్. సరే, నడుపుదాం."

మీట నొక్కింది. తెరమీద రెక్క రంగులు మారాయి. వేడిని చూపే ఎరుపు రంగు అంచు మీదే నిలిచిపోయింది, లోపలికి రాలేదు. నేను కళ్లజోడు తుడుచుకుని ఇంకాస్త ముందుకు వంగాను. ఆ అమ్మాయి మాత్రం తెరని చూడటం మానేసి నన్నే చూస్తోంది.

"సార్, మీకు రెక్క కాలుతదని భయమా, కాలదని భయమా?"