సింగరాయకొండ నుంచి వచ్చిన ఉత్తరాలు

మా అమ్మాయి నా వివరాలు పెళ్లిసంబంధాల వెబ్‌సైటులో ఎక్కించినప్పుడు నాకు యాభై ఏడేళ్లు. మావారు పోయి అప్పటికి పదకొండేళ్లు. గుంటూరు టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేశాను. ట్రంకు కాల్స్ కలిపే బోర్డులు ఎత్తేశాక ఫిర్యాదుల సెక్షనులో కూర్చోబెట్టారు. అక్కడ మనసు నిలవక ముందుగానే ఉద్యోగం వదిలేశాను. మా అమ్మాయి కాలేజీలో పాఠాలు చెబుతుంది. కాపురం మాకు రెండు వీధుల అవతలే. రోజూ సాయంత్రం వచ్చి ఒక గంట కూర్చుని వెళ్లేది. ఒకరోజు కాఫీ తాగుతూ ఉన్నట్టుండి అడిగింది.

“అమ్మా, పొద్దుణ్ణించీ ఎవరితోనన్నా మాట్లాడావా?”

ఆలోచించాను. పాలతనితో రెండు ముక్కలు, అంతే.

“రెండో పెళ్లిళ్లకి సైట్లున్నాయంట. నీకు చూద్దామా?”

“నలుగురూ ఏమనుకుంటారే?”

“ఆ నలుగురూ పొద్దుణ్ణించీ నీతో మాట్లాడారా?”

ఖాళీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. ఆ ఆదివారం వాళ్లింట్లో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి మొదలుపెట్టింది. రెండు వేల ఐదు ప్రాంతమది.

మొదట చేరిన సైటు అంతా పిల్లల పెళ్లిళ్ల కోసం. నా వయసు చూసిన ఒక పెద్దమనిషి, “అమ్మాయి వయసు తప్పు పడినట్టుంది, ఇరవై ఏడేమో సరిచూసుకోండి” అని మర్యాదగా రాశాడు. వారం రోజులు చూసి అందులోంచి బయటకొచ్చాం. రెండో సైటు మాలాంటివాళ్ల కోసమే పెట్టింది. అక్కడ మగవాళ్లు బాగానే ఉన్నారు. కానీ అరవై రెండేళ్లాయన కూడా నలభై లోపు వాళ్లే కావాలని రాసుకున్నాడు. మా అమ్మాయి కోపంగా ఒక్కొక్కటీ దాటేస్తుంటే నేను వాళ్ల వివరాలు కాదు, ఫొటోలు చూస్తుండేదాన్ని. చాలామంది వాటిని ఏదో పెళ్లి ఫొటోలోంచి కత్తిరించారు. పక్కనున్న భార్య పోయినా, ఆమె చీర అంచో, జడలోని పూలచెండో, భుజానికి ఆనిన భుజమో మిగిలిపోయేది. ఒకాయన మోచేతి దగ్గర నాలుగు గాజులతో ఒక మణికట్టు ఉంది. ఆ పేజీ మారిపోయాక కూడా నాకు ఆ చెయ్యే కనిపించేది. నా ఫొటో కూడా అలాగే కత్తిరించిందేనని తర్వాతెప్పుడో గుర్తొచ్చింది. అందులోంచి తీసేసింది మావారిని.

ఆ ఫొటోల్లో ఒకటి సింగరాయకొండ నుంచి వచ్చింది. అరవై ఒక్క ఏళ్లు, పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగు చూసి రిటైరైన మనిషి. భార్య పోయి ఆరేళ్లు. పిల్లలు లేరు. తమ్ముడి కుటుంబంతో ఉంటున్నారు. కోరికలు రాసే చోట ఒకటే వాక్యం: “వయసు, రూపం పట్టింపు లేదు. మనిషి నిదానం అయితే చాలు.”

“ఈయన పర్లేదే,” అన్నాను. మా అమ్మాయి నా మొహంలోకి చూసి, వెంటనే జవాబు రాసింది.

నేను ఒకే షరతు పెట్టాను. ఫోన్లో మాట్లాడను, ముందు రాసుకుందాం అని. ముప్పై ఏళ్లు హెడ్‌ఫోను పెట్టుకుని గొంతులు విన్నదాన్ని. మనిషిని చూడకుండానే అబద్ధం పట్టేసేదాన్ని, ఏడుపు ఆపుకుంటున్నది ఎవరో చెప్పేసేదాన్ని. ఇంక ఎవరి గొంతూ అంత దగ్గరగా వినాలనిపించలేదు. ఆయన సరేనన్నారు. తనకు టైపు రాదనీ, మరదలి టైపింగు ఇన్‌స్టిట్యూటులో కొత్తగా రెండు కంప్యూటర్లు పెట్టారనీ, తాను చెబుతుంటే ఆమె కొడుతుందనీ దాపరికం లేకుండా రాశారు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్లం.

ఆరు నెలలు అలా గడిచాయి. వారానికి ఒకటో రెండో ఉత్తరాలు. ఆయనవి ఎప్పుడూ పొట్టివే. గాలి ఎటునుంచి వీస్తోందో, తమ్ముడి పొగాకు తోట ఎలా ఉందో, నారు ఎప్పుడు వేశారో. నేను గుంటూరు మిరప ఘాటు గురించి, మా పక్కింటావిడ ముగ్గుల గురించి రాసేదాన్ని. దసరా అయ్యాక ఒకసారి ధైర్యం చేసి అడిగాను: ఈ వయసులో మీకు తోడెందుకండీ? “ఒక్కణ్ణే కూర్చుంటే భోజనం సహించదు” అని జవాబొచ్చింది. మంచి మనిషే, కానీ మాట మీద మూత పెట్టుకున్న మనిషి అనుకున్నాను.

సంక్రాంతి వెళ్లాక పదిహేను రోజులు ఏమీ రాలేదు. తర్వాత వచ్చిన ఉత్తరం పెద్దది.

“మీరు ఆరోజు తోడెందుకని అడిగారు. సరిగ్గా చెప్పలేదు. బ్యారన్‌లో, అంటే పొగాకు వేడికి ఆరబెట్టే కొట్టంలో, ఆకు కాల్చి ఇంటికొచ్చాక చేతులు కడుక్కుంటాను. వాసన పోయిందో లేదో నాకు తెలియదు. నా ముక్కు ఎప్పుడో అలవాటుపడిపోయింది. ఇంకొకరు చూసి చెప్పాలి. ఆరేళ్లుగా చెప్పేవాళ్లు లేక, పోయే ఉంటుందిలే అనుకుని అన్నం తింటున్నాను.”

ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలన్నీ అలాంటివే. భార్య చివరి రోజుల్లో ఆమె తల దువ్వబోయి దువ్వెన విరగ్గొట్టుకున్న సంగతి. నా ఉత్తరం వచ్చిందంటే ఇన్‌స్టిట్యూటుకి గడ్డం గీసుకుని వెళ్లడం. నాకు మనసు కుదిరింది. కలుద్దామని రాశాను. ఇప్పుడు పనుల మీద ఉన్నాం, వద్దన్నారు. మళ్లీ రాశాను. మళ్లీ వద్దన్నారు. ఆ వద్దనడంలోనూ ఎంతో బాధ ఉంది. నాకు అర్థం కాలేదు.

మార్చిలో ఒక పొద్దున మంగళగిరి చీర కట్టుకుని ఒంగోలు బస్సెక్కాను. మా అమ్మాయికి మాత్రమే చెప్పాను. చిలకలూరిపేట, మార్టూరు దాటి, ఒంగోల్లో బస్సు మారి, పదకొండు గంటలకు సింగరాయకొండలో దిగాను. టైపింగు ఇన్‌స్టిట్యూటు ఎక్కడంటే అందరికీ తెలుసు.

లోపల ఆరు టైపు మిషన్లు, రెండు కంప్యూటర్లు. అప్పటికి ఎవరూ నేర్చుకోవడానికి రాలేదు. గోడ మీద నేను చూసిన ఫొటోయే ఉంది. ఇక్కడ కత్తిరించలేదు. ఆయన పక్కన భార్య నిలబడి ఉంది. రెండు మొహాల మీదా కుంకుమ బొట్లు, రెంటికీ కలిపి ఒకే దండ. పూలు వాడినా ఇంకా రాలలేదు.

నలభై అయిదేళ్ల ఆవిడ లోపల్నుంచి వచ్చింది. “ఎవరు కావాలండీ?”

నేను ఫొటో వైపు చూపించాను. “గుంటూరు నుంచి వచ్చాను.”

ఆవిడ మొహం పాలిపోయింది. కుర్చీ లాగి, “కూర్చోండి అక్కయ్యగారూ,” అంది. అలా పిలవాలని ముందుగా అనుకున్నట్టు లేదు, నోటికి వచ్చేసింది.

“ఎప్పుడు?” అన్నాను.

“పుష్యమాసంలోనండి. బ్యారన్ కాడ ఆకు చూస్తా చూస్తా కూలబడ్డారు. ఒంగోలు తీసకెళ్లేలోపే అయిపోయింది.”

“నాకు మొన్న మంగళవారం కూడా ఉత్తరం వచ్చిందమ్మా.”

“నేనే రాశానండి.”

గోడ మీద ఫొటో వైపు మళ్లీ చూశాను. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. “ఎందుకు రాశావు?” అన్నాను.

“మీ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలీదండి. మా ఆయనక్కూడా చెప్పలా. బావగారు పోయారని మీకు చెప్పాల్సింది నేనొక్కదాన్నే. చెబుదామనే కూర్చున్నా. మీ ఉత్తరం వచ్చి ఉంది అప్పటికే, ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. చేతులు ఆడలా.”

“అంతకుముందెప్పుడూ ఆయన అలా రాయలేదు. ఆ చేతుల వాసన మాట, ఆ దువ్వెన మాట. అవన్నీ నువ్వు కల్పించావా?”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. “బావగారు చెప్పినయ్యేనండి. చెప్పటం, నేను కొట్టటం. మళ్లీ చదివించుకుని, ‘ఇది వద్దులేమ్మా, తీసేయ్, ఆవిడేమనుకుంటారో’ అనేవారు. అట్టా తీసేసినయ్యి శానా ఉన్నాయి. కంప్యూటర్లో పోయినయ్యి గానీ నాకు గుర్తుండిపోయినయ్యి. నా సొంతం ఏం లేదండి.”

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్లు దించుకుంది. నేను అది గమనించాను.

కోపం రాలేదని చెప్పను. నాకు ఆయన మీద మనసు కుదిరింది ఆ ఉత్తరాలు చదివాకే. ఏ రోజున నేను ఆయన్ని ఇష్టపడ్డానో ఆ రోజుకి ఆయన లేరు.  “నీకేం హక్కుంది?” అని గట్టిగానే అన్నాను. “లేదండీ,” అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, మంచినీళ్లు తెచ్చిచ్చింది.

కాసేపటికి ఆయన పడిపోయిన చోటు చూస్తానన్నాను. షట్టరు దించి ఆటో పిలిచింది. దారిలో సగం దూరం వెళ్లాక, “మా ఆయన అక్కడే ఉంటారండి. ఒక సంగతి చెబుతా. అన్నదమ్ములిద్దరి గొంతూ ఒకటే. ఫోన్లో అయితే మా తోడికోడలు కూడా పోల్చుకోలేకపోయేది. విని కంగారుపడమాకండి,” అంది.

బ్యారన్ ముందు ఆడవాళ్లు వరసగా కూర్చుని కర్రలకు ఆకు కుడుతున్నారు. తమ్ముడు లోపల్నుంచి వచ్చాడు. అన్నలా సన్నటి మనిషి కాదు, దిట్టంగా ఉన్నాడు. “టైపు పరీక్షల పనిమీద వచ్చారు, బ్యారన్ చూస్తానంటే తీసుకొచ్చా,” అని భార్య చెప్పింది.

“రండమ్మా, నీడకి రండి,” అన్నాడాయన.

లోతైన గొంతు. మాట చివర కొంచెం ఊపిరి కలుస్తుంది. ముప్పై ఏళ్లలో వేల గొంతులు విన్న చెవి నాది. ఆరు నెలలు కంప్యూటరు తెర మీద చదివిన గాలీ, నారూ, తోటా, అన్నీ ఆ ఒక్క గొంతులోకి వచ్చి కూర్చున్నాయి. ఆయన ఆపేస్తాడేమోనని భయం వేసింది.

“ఈ ఏడు ఆకు ఎలా ఉందండీ?” అని అడిగాను.

చెప్పడం మొదలుపెట్టాడు. ఏ ఆకు నిమ్మపండు రంగు తిరుగుతుందో, ఏది మచ్చపడుతుందో, మంట ఎప్పుడు పెంచాలో. ఒక్క ముక్కా నాకు పట్టలేదు. నేల చూస్తూ విన్నాను. మనిషిని చూస్తే గొంతు పాడవుతుంది. మధ్యలో ఒకసారి, “మా అన్నయ్య అయితే చేత్తో తడిమి చెప్పేవాడండి,” అన్నాడు. ఆ గొంతు తన గురించి తానే చెప్పుకుంటున్నట్టు వినిపించింది. నాకు కళ్లు తిరిగాయి. తోడికోడలు వరస కలుపుకున్న ఆవిడే నా చెయ్యి పట్టుకుని ఆటో దాకా నడిపించింది.

పొద్దు గుంకే వేళకి గుంటూరు చేరాను. మా అమ్మాయి గుమ్మంలోనే ఎదురైంది. “ఎలా ఉన్నారమ్మా ఆయన?”

“బాగా మాట్లాడారు,” అన్నాను. అసలు సంగతి చెప్పడానికి నాకు నెల పట్టింది.

ఆ వారంలోనే సింగరాయకొండలో ఆవిడ ఆయన పేజీ తీసేసింది. నేను నాది తీసేశాను. మా అమ్మాయి ఇంకో సైటు చూద్దామంది, నేను వద్దన్నాను. పెళ్లి లేదు. దాని గురించి బెంగ కూడా లేదు. ఆ ఉత్తరాలన్నీ అచ్చు తీయించి బీరువాలో పెట్టుకున్నాను. సింగరాయకొండ ఆవిడ ఏడాదికి ఒకటి రెండు సార్లు ఫోను చేస్తుంది. అక్కయ్యగారూ అంటూనే మొదలుపెడుతుంది. పొగాకు గురించి, ఇన్‌స్టిట్యూటు మూసేసిన సంగతి, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకుంటాం.

ఆ మాటలన్నీ నిజంగా ఆయనవేనా, కొన్ని ఆవిడవా అని నేను మళ్లీ అడగలేదు. ఫోన్లో అడిగితే, ఆవిడ ఏం చెప్పినా, నా చెవికి తెలిసిపోతుంది.