పేరు పెట్టని అంచు

నాకు ముక్కు మీదే కోపం. ఆదోనిలో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను, ఆ కోపం వల్లే గిరాకీల్లో సగం మందిని పోగొట్టుకున్నాను. "నాకు తెలుసు, నువ్వు పక్కకు జరుగు" అనేది నా ఊతపదం. ఆ మాట నోట్లోనే మింగేసి ఉండాల్సిన రోజు ఒకటుంది. దాని గురించి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఎమ్మిగనూరులో చీరల అంచులకు డిజైన్లు గీసే పెద్దాయన ఒకరున్నారు. అరవై దాటాయి. గ్రాఫు కాగితం మీద గడి గడికీ చుక్క పెట్టుకుంటూ నలభై ఏళ్లు గీశారు. చేతులు వణకడం మొదలయ్యాక కాగితం మీద గీత నిలవలేదు. కంప్యూటర్లో అయితే తప్పు పడిన చుక్కను వెనక్కి తీసుకోవచ్చని చెప్పి, నేనే ఒక పాత డెస్క్‌టాప్ తెచ్చి, విండోస్‌కు బదులు ఊరికే దొరికే లినక్స్ వేసి, బొమ్మలు గీసే ప్రోగ్రామ్ పెట్టి ఇచ్చాను. దొంగ విండోస్ ఎవరికీ వేయనని నాకో పంతం. పెద్దాయనకు ఏదైనా ఒకటే, గడులు కనబడితే చాలు. రెండు నెలల్లో మౌసు చేతిలో పెన్సిల్‌లా తిరిగింది.

ఆయన గీసింది నేసేది ఆయన భార్య. నేను అక్కా అనేవాణ్ణి. గుంట మగ్గంలో కూర్చుని కూర్చుని మోకాళ్లు అరిగిపోయాయి. గుంటలోంచి పైకి రావాలంటే ఇద్దరు పట్టి లేపాలి. డాక్టరు ఇక మగ్గం మానమన్నాడు. ఒక్క చీర నేసి దిగిపోతానంది అక్క. అది అమ్మకానికి కాదు, తను కట్టుకోవడానికి. ఇన్నేళ్లూ నేసినవన్నీ ఎవరెవరో కట్టుకున్నారు, ఆమెకంటూ ఒక్కటీ మిగల్లేదు. ఆ చీర అంచునే పెద్దాయన పదకొండు రోజులుగా గీస్తున్నారు, ఎవరి ఆర్డరూ కాకుండా తన మనసుకు నచ్చినట్టు.

వాళ్లింట్లో ఒక పట్టింపు ఉంది. పూర్తికాని డిజైన్‌కు పేరు పెట్టకూడదు. పెడితే మగ్గం మధ్యలో ఆగిపోతుందని వాళ్ల నాయన కాలం నుంచీ నమ్మకం. చివరి చుక్క పడ్డాకే పేరు. కంప్యూటరేమో, దాచమంటే ముందు పేరు చెప్పమంటుంది. అడిగినప్పుడల్లా పెద్దాయన వద్దని నొక్కేవారు. చిన్న డిజైన్లు ఒక్క రోజులో అయిపోయేవి కాబట్టి ఇబ్బంది రాలేదు. ఈ పెద్దదానికి ఆయన కనుక్కున్న ఉపాయం మిషన్‌ను అసలు ఆపకపోవడం. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడిచేది. ఈ సంగతి ఆయనే నాకు చెప్పారు. నేను నవ్వేసి ఊరుకున్నాను.

ఆయన ఈ అంచు మొదలుపెట్టడానికి కొద్ది రోజుల ముందే నేను పోయి ఆ మిషన్‌కు అప్‌డేట్ చేసి వచ్చాను. ఆ తర్వాతే తెర నల్లబడడం మొదలైంది. గీస్తూ ఉండగా బొమ్మ బిగుసుకుపోతోందని, తెరంతా నల్లగా అయిపోతోందని పెద్దాయన ఫోన్ చేశారు. వస్తాలే అన్నాను. మళ్లీ చేశారు, మళ్లీ అదే అన్నాను. నాలుగోసారి ఫోన్ వచ్చేసరికి నాకు ఒళ్లు మండింది. ఆ రోజు ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో తూకం దగ్గరి కంప్యూటర్ ఆగిపోయి, పత్తి లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. వాళ్లు ఒక పక్క, ఈయన ఒక పక్క. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానని మిల్లువాళ్లకు చెప్పి ఎమ్మిగనూరు బస్సెక్కాను.

నేను పోయేసరికి తెర నల్లగానే ఉంది. పెట్టెలో ఫ్యాను తిరుగుతోంది. పెద్దాయన ఆ నల్ల తెరకేసి చూస్తూ ఓపిగ్గా కూర్చుని ఉన్నారు.

"ఉండప్పా, కొంచెంసేపు సూడు, అదే వస్తాది. పొద్దున గూడా అట్లే వచ్చింది," అన్నారు.

"నాకు తెల్సులేన్నా, నువ్వు పక్కకు జరుగు," అన్నాను.

పవర్ బటన్ మీద వేలు పెట్టి గట్టిగా నొక్కి పట్టుకున్నాను. పెద్దాయన కంగారుగా నా మణికట్టు పట్టుకున్నారు. అప్పటికే ఫ్యాను ఆగిపోయింది.

తెర నల్లబడినంత మాత్రాన మిషన్ చచ్చిపోయినట్టు కాదు. బొమ్మను తెర మీదికి పంపే డ్రైవర్ ఒక్కటే పడిపోయి ఉంటుంది, వెనక మిగతా పనంతా నడుస్తూనే ఉండవచ్చు. అందుకే బటన్ జోలికి పోకముందు కాసేపు ఆగాలి. రాకపోతే మూడు మీటలు కలిపి నొక్కి, అక్షరాలు మాత్రమే ఉండే తెరకు పోయి చూడాలి. అదీ కుదరకపోతే ఇంకో కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ మీద లోపలికి పోవాలి. నా సంచిలో ల్యాప్‌టాప్ ఉంది. ఈ పాఠం నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఆ రోజు నాకే గుర్తు రాలేదు.

మళ్లీ ఆన్ చేస్తే తెర శుభ్రంగా వచ్చింది. ప్రోగ్రామ్ తెరిస్తే ఖాళీ. పెద్దాయన ఒకసారి తెరను, ఒకసారి నా మొహాన్ని చూశారు. తప్పు నాదేనని నాకు ఆ క్షణమే తెలుసు. అయినా నా పాడు నోరు ఊరుకుంటేనా.

"సేవ్ చేయకుంటే నేనేం చేసేదన్నా? పేరు పెట్టకూడదని కూసుంటే మిషన్ ఇంటాదా?" అన్నాను.

ఆయన తల వంచుకున్నారు. అక్క వంటింటి గుమ్మం దగ్గర గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఆమె వైపు తిరిగి, తప్పు తనదేనని, పేరు పెట్టుకుని ఉంటే పోయేది కాదని మెల్లగా చెప్పారు. ఆమె మోకాలి మీద చెయ్యి ఆనించి అక్కడే పీట మీద కూర్చుంది.

వాళ్లిద్దరూ అవతలికి పోయాక నేను పనిలో పడ్డాను. లోపల జరిగిన ప్రతిదాన్నీ లినక్స్ ఒక చోట రాసి పెట్టుకుంటుంది. ఆ రాతలు తెరిచి చదివాను. లినక్స్‌కు గుండెకాయ లాంటిది కెర్నల్. నా అప్‌డేట్‌తో వచ్చిన కొత్త కెర్నల్‌కూ ఆ డ్రైవర్‌కూ పొసగలేదు. డ్రైవర్ అంతకుముందు ఏడుసార్లు పడిపోయింది, ఏడుసార్లూ రెండు మూడు నిమిషాల్లో తనంతట తానే లేచింది. ఎనిమిదోసారి పడ్డాక, మళ్లీ లేవడం మొదలుపెట్టినట్టు ఒక వరస ఉంది. రాత అక్కడితో ఆగిపోయింది. నేను బటన్ నొక్కింది అప్పుడే. పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. ఒక్క నిమిషం ఆయన మాట విని ఉంటే పదకొండు రోజుల పని మా కళ్ల ముందుండేది.

ఆ రాతలు మూసేసి పాత కెర్నల్‌కు మార్చాను. కొత్తది మళ్లీ రాకుండా ఆపాను. అరగంటసేపు పెద్ద పెద్ద బొమ్మలు తెరిచి అటూ ఇటూ జరిపి చూస్తే, తెర ఒక్కసారి కూడా నల్లబడలేదు. అంతా కలిపి గంట పని. మొదటి ఫోన్‌కే వచ్చి ఉంటే ఏ గొడవా లేకపోయేది. మిషన్ బాగైపోయిందని పెద్దాయనకు చెప్పి బయల్దేరాను. నేను చదివింది మాత్రం చెప్పలేదు.

పెద్దాయన మళ్లీ గీయడానికి కూర్చున్నారట, చెయ్యి సాగలేదట. మగ్గం మీద పడుగు ఎక్కించి ఉంది, అక్క మోకాళ్లకు ఇంకా ఆగే ఓపిక లేదు. డిజైన్ లేకుండానే ఆ చీర నేసేసింది. చీర మగ్గం దిగే రోజున రమ్మని నన్ను కూడా పిలిచారు. ఈసారి నిజం చెప్పేయాలని గట్టిగా అనుకున్నాను. ఏ మాట ముందు చెప్పాలి, ఏది తర్వాత చెప్పాలి అని బస్సులో దారి పొడుగునా మనసులో పేర్చుకున్నాను.

ఇంటి నిండా చుట్టుపక్కల నేతవాళ్లు. ఇద్దరు ఆడవాళ్లు అక్క చంకల కింద చేతులేసి గుంటలోంచి పైకి లేపారు. చీరకు అంచు అని ఎర్రటి పట్టీ ఒకటి, అంతే. ఆమె దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుంది. నేను నోరు తెరవబోతుంటే పెద్దాయన నా భుజం మీద చెయ్యేసి అందరికీ చూపించారు.

"డిజైను నా బుద్ధిలేనితనానికి పోయింది. మిషన్‌ను మాత్రం ఈయప్పే బతికించినాడు," అన్నారు.

అందరూ నన్ను మెచ్చుకోలుగా చూశారు. అక్క కూర్చున్న చోటి నుంచే, మొదటి టీ నాకివ్వమని కోడలికి చెప్పింది. నేను ఆ టీ తాగాను. చీర బాగుందక్కా అన్నాను. బస్సెక్కి ఆదోని వచ్చేశాను.