తవిటమ్మ పెట్టిన బందె

చీపురుపల్లికి నాలుగు మైళ్ళ అవతల ఉన్న ఆ ఊళ్ళో తవిటమ్మ ఇల్లెక్కడని అడిగితే కుర్రకారు తెల్లమొహం వేస్తారు. బందెల తవిటమ్మ అంటే మాత్రం పాత బందెలదొడ్డి పక్కనున్న పెంకుటిల్లు చూపిస్తారు. ఆ బందె ఏమిటో వాళ్ళకీ తెలియదు. కిక్కిరిసిన ఆటోని బందెలదొడ్డి అంటారు, ఫ్యాన్లు తిరగని కాలేజీని బందెలదొడ్డి అంటారు. అసలు దొడ్డి ఊళ్ళో ఉందన్న సంగతి ఎవరికీ పట్టదు.

ఇంకొకరి చేలో పడి మేసిన పశువును తోలుకొచ్చి, నాలుగు గోడల మధ్య పెట్టి తాళం వేయడం బందె. దాన్ని విడిపించుకోవడానికి సొంతదారు కట్టే డబ్బూ బందే. ఆ తాళంచెవి చాలా ఏళ్ళు దొడ్డి కాసే కూర్మయ్య మొలతాడుకు వేలాడింది. ఆయన పోయాక భార్య తవిటమ్మ కొంగుముడికి చేరింది. కాపురానికొచ్చిన కొత్తలో, దొడ్డిలో అరుస్తున్న దూడని చూసి ఆమె జాలిపడితే కూర్మయ్య నవ్వాడు.

"బందంటే కట్టీడం కాదే. దాని మనిషి వొచ్చి అడిగినదాకా ఉంచడం. అడిగే మనిషి నేని గొడ్డుకి బందేటి?"

ఆ రోజుల్లో అరుగు ఖాళీగా ఉండేది కాదు. తిట్టుకుంటూ వచ్చేవాళ్ళు, బతిమాలుతూ వచ్చేవాళ్ళు. ఎవరి చేను, ఎవరి గొడ్డు అని తగువు తేలేలోగా తవిటమ్మ మంచినీళ్ళిచ్చి వాళ్ళ ఊసులన్నీ వినేది. పిల్లల్లేని ఆ ఇంటికి మనుషులొచ్చిన దారి అదొక్కటే. పశువు ఎక్కడ పడిందో ఆమె చెబితే చెప్పినట్టే. ఆ విషయంలో ఆమె ఒక్కనాడూ అబద్ధమాడలేదు.

తర్వాత ట్రాక్టర్లొచ్చాయి, పశువులు పలచబడ్డాయి. కూర్మయ్య పోయాడు. హుద్‌హుద్ తుఫానుకి దొడ్డిలోని పాక కూడా ఎగిరిపోయింది. ఆ తర్వాత రెండేళ్ళు ఒక్క గొడ్డూ రాలేదు. తవిటమ్మ మాత్రం వారానికోసారి తాళంలో నూనె చుక్క వేస్తూనే ఉంది. ఒంటరితనం అని మనం పెద్ద మాటలంటాం. ఆమెకు తెలిసిందల్లా, మంచం మీద పడుకుని నిన్న ఎవరితో మాట్లాడానా అని తలుచుకుంటే ఎవరూ తట్టకపోవడమే.

మూడో ఏడు శ్రావణంలో ఒక పొద్దున, పై వీధి పద్మకుమారి వాళ్ళ వట్టిపోయిన నల్లావు దారిన తన మానాన తాను పోతోంది. ఏ చేలోనూ దిగలేదు, ఏ మొక్కా ముట్టలేదు. తవిటమ్మ అటూ ఇటూ చూసి కర్ర తీసింది. ఆవును దొడ్డిలోకి తోలి తాళం వేసింది. ఎందుకు చేసిందో చెప్పాలంటే సిగ్గే. దాని కోసం ఎవరో ఒకరు గుమ్మంలోకి వస్తారని.

ఇంట్లోకి వెళ్ళి మొహం కడుక్కుంది, ఉతికిన చీర కట్టుకుంది. అరుగు ఊడ్చి, చెంబు నిండా నీళ్ళు పోసి మూత పెట్టింది. ఆ రోజు ఎవరూ రాలేదు. రెండో రోజు చెంబులో నీళ్ళు మార్చింది. గట్టు మీద గడ్డి కోసుకొచ్చి, తన గంజిలో సగం ఆవుకి పోసింది. చీకటి పడేదాకా చూసి ఆవు మీదే విసుక్కుంది.

"నీకూ ఎవులూ నేరేటే?"

మూడో రోజు మధ్యాహ్నం పద్మకుమారి చెమటలు కక్కుతూ వచ్చింది. దొడ్డి గోడ మీంచి తొంగిచూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఇక్కడున్నాదా. మూడు దినాలై ఎతుకుతన్నాం పిన్నీ. మా ఆయన గరివిడి దాకా ఎల్లొచ్చినాడు."

"గరివిడి దాకా ఎల్లినాడా. ఈ ఈదిలోకి రానేదే?"

"ఇక్కడ బందెలదొడ్డున్నాదని గ్యాపకమే నేదు పిన్నీ."

పద్మకుమారి ఆ మాట మామూలుగానే అంది. తవిటమ్మ కొంగుముడి విప్పింది. వెళ్ళి తాళం తీసింది.

"అయితే ఎవులి సేలో పడ్డాది?" అడిగింది పద్మకుమారి.

ఇన్నేళ్ళూ ఉన్నదే చెప్పిన నోరు అది. ఏ రైతు పేరు చెప్పినా సరిపోయేది, పద్మకుమారి నమ్మేసేది. ఒకరి మీద పెట్టడానికి మనసొప్పలేదు.

"నా సేలో," అంది తవిటమ్మ.

ఆమెకు సెంటు భూమి లేదని ఊరందరికీ తెలుసు. పద్మకుమారి మొహంలోకి కోపం రాబోయింది. ఏదో అనబోయి, ఊడ్చిన అరుగునీ మూత పెట్టిన చెంబునీ చూసింది. దొడ్డిలో పరిచిన పచ్చగడ్డి చూసింది. కొంగుతో మెడ తుడుచుకుంది.

"మరి బందేటి కట్టమంటావు పిన్నీ?"

"కాసేపు కూకో అమ్మా."

పద్మకుమారి చెప్పులు విడిచి అరుగెక్కింది. ఆవు తెరిచిన తలుపులోంచి నింపాదిగా బయటికొచ్చి రోడ్డు పక్కన మేస్తోంది. తవిటమ్మ చెంబు మీద మూత తీసింది.