టీచరమ్మ చూడాలనుకున్న ఫిరంగి

మా టీచరమ్మ పోయారన్న కబురు నాకు సత్తెనపల్లి బస్టాండులో అందింది. అమ్మ ఫోను చేసింది. "ఏమే, మన టీచరమ్మ పోయిందే. పొద్దున కాఫీ తాగి, కాసేపు నడుం వాలుస్తానందంట. ఇంక లేవలా." మాచర్ల బస్సెక్కాను. మా ఊరి మలుపు రాగానే కళ్లు ఫిరంగి వైపే పోయాయి. దాని పక్కన టేపు పట్టుకుని వంగిన మనిషి లేరు.

ఆవిడ నాకు హైస్కూల్లో సోషల్ చెప్పారు. రిటైరయ్యాక మా పక్కింట్లోనే ఉన్నారు. ఆ ఫిరంగి రోడ్డు పక్కన సిమెంటు దిమ్మె మీద ఉంటుంది. ఎవరు తెచ్చిపెట్టారో ఎవరికీ తెలియదు. 'పల్నాటి యుద్ధం నాటి ఫిరంగి' అని బోర్డు మాత్రం ఉంది. కార్తీకంలో కారెంపూడి వీరుల తిరనాళ్లకు పోయేవాళ్లు అక్కడ బండి ఆపి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి కదులుతారు. అంతకు ముందే మా ఊళ్లో ఇళ్లకు రంగులేసే పెద్దాయన దానికి ఏటా వెండిరంగు పూస్తాడు. ఆ యుద్ధం నాటికి మనదగ్గర తుపాకి మందే లేదని క్లాసులో చెప్పి, టీచరమ్మ ఊరందరి నోళ్లలో పడ్డారు. "మన వీరుల ఫిరంగిని కాదంటానికి నువ్వెవరమ్మా?" అని కొందరు ఇంటి మీదికొచ్చారు. ఆవిడ మజ్జిగ ఇచ్చి పంపారు.

కానీ మరి ఎవరిదది? ఆ ఒక్కటి తెలుసుకోవాలని ఆవిడ పట్టుదల. జాకెట్లు కొలిచే టేపు తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని సాయంత్రాలు బయల్దేరేవారు. టీ కొట్టు దగ్గర సిమెంటు లారీల డ్రైవర్లు, "ఏందమ్మా, ఫిరంగికి జాకెట్టు కుట్టిస్తావా?" అనేవాళ్లు. "కుట్టిస్తా నాయనా, ముందు కొలతలు కుదరనీ" అనేవారావిడ.

ఒకరోజు ఫిరంగి వెనకవైపు తడుముతూ ఆగిపోయారు. "ఇక్కడ ముద్రలాంటిదేదో ఉందే. రంగు కింద వేలికి తగులుతోంది." గీకుదామని నేను తాళంచెవి తీశాను. చెయ్యి పట్టుకున్నారు.

"వద్దే. రంగేసినాయన్ని అడక్కుండా గీకితే అది చదువు కాదు, పొగరు."

అడిగితే ఆయన ఒప్పుకోలేదు. ఏటా అడిగేవారు, ఏటా ఆయన తల అడ్డంగా ఊపేవాడు. గోరంత పెచ్చు ఊడదీయడానికి ఇంత బతిమాలాలా అని నాకు ఒళ్లు మండేది. చివరికి పోయిన వేసవిలో ఆయన మెత్తబడ్డాడు. "సరేలే టీచరమ్మా. ఈ కార్తీకానికి కొత్తరంగు ఏసేముందు గీకి చూపిస్తా." ఆవిడ చిన్నపిల్లలా మురిసిపోయారు. దసరా వెళ్లగానే పోయారు.

కార్తీకంలో పెద్దాయన మా గుమ్మం ముందుకొచ్చాడు. "రామ్మా, పోదాం. మాటిచ్చా గదా. మనిషి పోతే మాట పోద్దా?"

ఆయన గీకుతుంటే ఏళ్లనాటి వెండిరంగు పెచ్చులుగా రాలింది. కింద నల్లటి ఇనుము. అందులో ఒక కిరీటం, దాని కింద అరిగిపోయిన ఇంగ్లీషు అక్షరాలు. దొరల ఫిరంగి! "టీచరమ్మా, చూడండి" అనబోయి పక్కకు తిరిగాను. ఇన్నాళ్లూ వేలితో తడిమినదాన్ని కంటితో చూడకుండానే వెళ్లిపోయారు. ఆ అక్షరాలేమిటో నాకు అర్థం కాలేదు. ఆవిడ ఉంటే ఎలాగోలా చదివేవారు.

పెద్దాయన కిరీటం మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు. "దొరలదా? పోనీలే. ఇన్నేళ్లు మన ఎండకి ఎండింది. ఇప్పుడు మనదే."

తిరనాళ్ల నాటికి ఫిరంగి మళ్లీ తళతళలాడింది. దండలు, కొబ్బరిచిప్పలు, అన్నీ మామూలే. నేను వెనకవైపుకు వెళ్లి చూశాను. కిరీటం ఉన్నచోట అరచేతి మేర రంగు లేదు. పెద్దాయన అక్కడే కూర్చుని, తుప్పు పట్టకుండా గుడ్డతో ఆముదం రుద్దుతున్నాడు.

"ఇక్కడ రంగెయ్యడం మర్చిపోయావా తాతా?"

"మర్చిపోలా," అన్నాడు తలెత్తకుండా. "టీచరమ్మ చూసుకోవద్దా?"