జిగురక్క అతికించిన చీటీ

ఏటా ఒకే వారంలో నాకు తలనొప్పి వస్తుంది. దానికి కారణం ఎండా కాదు, వానా కాదు, సోషియాలజీ లెక్చరర్ గారి అసైన్‌మెంటు. 'ఆదిమజాతులు, వారి సంస్కృతి, పదిహేను పేజీలు' అని రాసిన కాగితాన్ని ఆయన నోటీసు బోర్డుకు గుచ్చి, చేతులు దులుపుకుని టీకి వెళ్ళిపోతారు. మర్నాటి నుంచి కాలేజీ లైబ్రరీలో నా కౌంటరు ముందు క్యూ.

"మేడం, ఆదివాసులున్నారా?"

చిల్లరుందా అని అడిగినట్టే అడుగుతారు. ఉన్నారు నాయనా, ఆ డ్రాయరు లాగి కార్డు చూడు, కార్డు మీద నంబరు రాసుకో, ఆ నంబరు అరలో వెతుక్కో అని నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతాను. ఒక్కడూ డ్రాయరు ముట్టుకోడు. ముందువాడు ఏ పుస్తకం తీశాడో వెనకవాడికీ అదే కావాలి. అందులోనూ అదే పేజీ కావాలి. అరవై మందికి ఒక్క పుస్తకం, నాలుగు పేజీలు. చేతులు మారి మారి ఆ నాలుగు పేజీలూ ఊడి, ఆఖరికి జిగురక్క బల్ల మీదికి చేరతాయి.

జిగురక్క మా లైబ్రరీ బైండరు. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంటుంది, బయట ఎవరికీ తెలియదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఊడవడానికి వచ్చింది. అప్పటి బైండరుకు చూపు మందగించి, సూదిలో దారం ఎక్కించి పెట్టమని ఈవిణ్ణి కూర్చోబెట్టుకున్నాడట. అలా కూర్చున్న మనిషి ఇంక లేవలేదు. చదువు కూడా అక్కడే వచ్చింది. ఊడిన కాగితాలను వరసలో పెట్టడానికి ముందు పేజీ నంబర్లు నేర్చుకుంది. ఈ పేజీ చివర ఆగిన మాట ఆ పేజీ మొదట్లో కలుస్తోందా లేదా అని చూడటానికి అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు మా లెక్చరర్లలో సగం మంది కంటే ఎక్కువ చదివింది. కాకపోతే అన్నీ చిరిగినవే. "చిరగని పుస్తకం నా దాకా రాదు కదమ్మా" అంటుంది.

నోట్లో నాలుక లేని మనిషి. నాకేమో ముక్కు మీదుంటుంది కోపం. ఇరవై ఏళ్ళుగా ఒకే హాల్లో, ఒకే ఫ్యాను కింద పనిచేస్తున్నాం. నేను అరవడం, ఆవిడ అతికించడం.

ఈ ఏడు ఆ తలనొప్పి వారంలోనే, మంగళవారం పొద్దున, క్యూ తలుపు దాటి వరండాలోకి పాకిన సమయంలో వచ్చి నా పక్కన నిలబడింది. చేతిలో నాలుగు మడతల కాగితం.

"అమ్మా, ఇది కొంచెం చూస్తారా?"

"ఇప్పుడా అక్కా? కనబడటం లేదూ జనం?"

"శుక్రవారం దాకానే గడువమ్మా."

చూశాను. జిగురక్క మేనకోడలు, అంటే అన్న కూతురు, నాలుగేళ్ళుగా వీళ్ళింట్లో ఉండి చదువుకుంటోంది. జిగురక్క భర్త మిల్లులో వాచ్‌మన్. ప్రింటింగ్ ప్రెస్సు వెనకున్న ఒంటి గదిలోనే ముగ్గురూ సర్దుకుంటున్నారు. ఆ పిల్లకు నర్సింగు ట్రైనింగులో సీటొచ్చింది. అయితే అది ఆదిమజాతుల వాటా కింద వచ్చిన సీటు. ఫలానా జాతి మనిషినని శుక్రవారం సాయంత్రంలోగా సర్టిఫికెట్టు చూపించకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. సర్టిఫికెట్టు ఇవ్వాల్సిన ఆఫీసువాళ్ళు దరఖాస్తు తిప్పి పంపుతూ రాసిన కాగితమే ఇది.

'దరఖాస్తుదారు పేర్కొన్న పైకొండవాళ్ళు అను జాతి స్థానిక కళాశాల గ్రంథాలయ కేటలాగు ప్రకారం అంతరించిన జాతి అయినందున, ధ్రువపత్రం ఇచ్చుటకు వీలుపడదు.'

రెండుసార్లు చదివాను. తలెత్తి చూస్తే అంతరించిన మనిషి చేతికి పిండిజిగురు అంటించుకుని నా ఎదురుగా నిలబడి ఉంది.

"నువ్వు పైకొండవాళ్ళ మనిషివా?"

"అవునమ్మా."

"మరి ఇదెవడు రాశాడు? మన కేటలాగులో ఇలా ఉందా? ఏ బుద్ధిలేనివాడు రాశాడో, ఉండు, చూద్దాం."

క్యూను అలాగే వదిలేసి డ్రాయరు లాగాను. కార్డు దొరికింది. 'పైకొండవాళ్ళు: చూడుము, అంతరించిన జాతులు.' ఆ గుండ్రటి అక్షరాలను, 'ళ' కింద ఆ పొడుగాటి తోకను ఎక్కడో చూసినట్టనిపించింది. ఎక్కడో ఏమిటి నా మొహం, రోజూ చూస్తున్నదే. నా దస్తూరీ.

ఆ పూట అందరి మీదా విసుక్కున్నాను. క్యూలో ఉన్న పిల్లల మీద, ఫ్యాను మీద, స్టాంపు ప్యాడు మీద. నేనేం కలగని రాశానా, పుస్తకాల్లో ఉన్నదే కార్డు మీద ఎక్కించాను అని నాకు నేనే చెప్పుకున్నాను. అంతటితో ఊరుకోక స్టాఫ్ రూముకు వెళ్ళి సోషియాలజీ లెక్చరర్ గారిని అడిగాను.

"పైకొండవాళ్ళా? పోయారండీ. ఏడుగురు రాశారు. పండితులందరిదీ ఒకటే మాట" అన్నారాయన, కప్పు మీంచి కళ్ళెత్తకుండా.

"మన బైండరు పైకొండవాళ్ళ మనిషేనండీ."

"అలాగా" అన్నారు. కాసేపు ఆలోచించి, "పాపం, ఆవిడ పొరబడి ఉంటుంది" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. తన పుట్టుక గురించి ఆవిడ పొరబడిందట. ఈయన మాత్రం పొరబడలేదట.

మధ్యాహ్నం నుంచి ఆ ఏడు పుస్తకాల కోసం వేట. రెండు అరలోనే ఉన్నాయి. ఒకటి లెక్చరర్ గారింట్లోనే మూడేళ్ళుగా మగ్గుతోంది, ప్యూనును పంపి తెప్పించాను. రెండు పాత స్టాకులో, నిచ్చెన వేసుకుంటే గాని అందని చోట. ఒకటి జిగురక్క బల్ల మీదే ఉంది, నాలుగోసారి కుట్టించుకోవడానికి వచ్చి. అన్నిటికన్నా పాతదీ మొదటిదీ తాళం వేసిన బీరువాలో దొరికింది. ఆ తాళంచెవి కోసం బుధవారం మధ్యాహ్నం దాకా తిరిగితే తల ప్రాణం తోకకొచ్చింది.

బుధవారం సాయంత్రం బైండింగు బల్ల మీద ఏడూ పరిచాం. మేనకోడలు కాలేజీ అయ్యాక నేరుగా వచ్చింది. ఆ పిల్ల చదువుతుంటే నేను కాగితం మీద దించుకుంటున్నాను.

కొత్త పుస్తకం: 'పైకొండవాళ్ళు అనే జాతి పూర్తిగా అంతరించింది.' కింద ఆధారం, దాని ముందు పుస్తకం. అందులో: 'ఈ జాతి అంతరించింది.' ఆధారం, ఇంకా వెనకటిది. అలా ఒక్కో మెట్టూ దిగుతూ, పాతదాని నుంచి లెక్కిస్తే మూడోదాని దగ్గరికి వచ్చేసరికి, 'పైకొండవాళ్ళు లేరు' అని మాత్రమే ఉంది. రెండోదాంట్లో, 'పైకొండవాళ్ళు ఇప్పుడు లేరు.' అన్నిటికీ తల్లివేరు, డెబ్బై ఏళ్ళ కిందటి మొదటి పుస్తకం, తొంభై ఏడో పేజీ, చివరి పేరా.

"పైకొండవాళ్ళు ఇప్పుడు ఇక్కడ లేరు. గుడిసెలు ఖాళీగా ఉన్నవి. వాన విడవకుండా కురుస్తున్నది" అని చదివి ఆ పిల్ల ఆగిపోయింది.

"ఇక్కడ లేరు" అన్నాను నేను.

ప్రిన్సిపాల్ గారున్నారా అని ఎవరైనా ఫోన్ చేస్తే లేరంటాం. అంతమాత్రాన ఎవరూ దండ పట్టుకుని పరిగెత్తుకు రారు. 'ఇక్కడ' అన్న మాటను ఒకడు మింగాడు, 'ఇప్పుడు' అన్న మాటను ఇంకొకడు మింగాడు, మిగిలిన 'లేరు'కు మరొకడు పాడె కట్టాడు. వెనకొచ్చినవాళ్ళందరిదీ గొర్రెదాటు. నా క్యూలో పిల్లలను తిట్టుకుంటాను గానీ, వీళ్ళకు ఆ విద్య ఎక్కడి నుంచి అబ్బిందో అప్పుడర్థమైంది.

జిగురక్క మాత్రం తాపీగా అంది. "వానల్లో కింద ఎవరుంటారమ్మా? పశువుల్ని తోలుకుని పై గడ్డికి పోతాం. పాపం, ఈయన తడుచుకుంటూ వచ్చి ఉత్త గుడిసెలు చూసుకున్నట్టున్నాడు."

"ఆ సంగతి తెలుసుకుని రాయొద్దూ ఆ మహానుభావుడు?"

"తర్వాతి పేజీలో ఏముందో చూడండమ్మా."

తిప్పబోయాను. రాలేదు. తొంభై ఏడు తర్వాత కాగితాలన్నీ పై అంచున ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. జిగురక్క వేలితో తడిమి చూసి తల ఊపింది. వెనకటికి పెద్ద కాగితం మీద అచ్చువేసి, మడిచి కుట్టేసేవారట. మడతలు కోసుకోవడం చదివేవాడి పని. తొంభై ఏడు దాకా ఎవరో కోశారు. ఆ పైన డెబ్బై ఏళ్ళుగా కత్తి తగల్లేదు. తర్వాతి ఆరుగురూ దీని పేరు చెప్పుకుని పుస్తకాలు రాశారు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

జిగురక్క సన్నటి కత్తి తీసి తడిగుడ్డతో తుడిచి, మడతలోకి పెట్టి నెమ్మదిగా లాగింది. పొడి కాగితం చిన్నగా చప్పుడు చేసింది. తొంభై ఎనిమిదో పేజీ తెరుచుకుంది.

'వానలు వెలసిన పిమ్మట వారు పశువులతో దిగివచ్చిరి. నలుబది మూడు ఇండ్లు. రెండు మాసములు వారి నడుమ నుంటిని.'

ఆ పైన నూట నలభై పేజీలు ఉన్నాయి. కట్టుకునే ఇళ్ళు, పాడే పాటలు, తగువులు తీర్చుకునే తీరు, ఆవు రంగులకు పన్నెండు మాటలు. తప్పిపోయిన దూడను పిలిచే పిలుపును కూడా అక్షరాల్లో పెట్టాడాయన. మేనకోడలు దాన్ని చదివి, నవ్వేసి, గొంతెత్తి ఆ పిలుపు పిలిచింది. రీడింగు హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి.

"మా నాన్న ఇప్పటికీ ఇలాగే పిలుస్తాడు మేడం" అంది.

సైలెన్స్ అని అరవాల్సిన మనిషిని నేనే. అరవలేదు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, రెంటిలో ఏది ముందో చెప్పలేను. పాపం ఆ పెద్దమనిషిని అనవసరంగా తిట్టాను. ఆయన చేయాల్సిన పని ఆయన చేశాడు.

ఇల్లలకగానే పండగ కాదు కదా. గురువారం నేను సెలవు పెట్టి, పుస్తకం సంచిలో పెట్టుకుని, జిగురక్కనూ మేనకోడలినీ వెంటేసుకుని ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమస్తా కాగితాల బొత్తుల మధ్య నుంచి ఒక కన్నుతో చూశాడు.

"ఇది డెబ్బై ఏళ్ళ కిందటిది కదండీ. అప్పుడున్నారు, సరే. ఇప్పుడున్నట్టు ఆధారం?"

"ఈవిడ ఎవరండీ మరి? ఈ పిల్ల ఎవరు?"

"మనుషులు వస్తారు, పోతారు. ఫైల్లో కాగితం ఉండాలండీ."

నిలువునా మండిపోయాను. అంతరించిందని చెప్పడానికి నా చేతిరాత కార్డు ఒకటి చాలింది, ఉన్నారని చెప్పడానికి మాత్రం పుస్తకమూ చాలదు, ప్రాణంతో ఉన్న మనుషులూ చాలరా అని హాలంతా వినబడేలా అడిగాను. ఆయన ఏమీ చలించలేదు. ఎన్ని గొంతులు విన్నాడో.

"మేడం, మా అభ్యంతరం మీ కేటలాగు మీదే కదా. అది తప్పని, సవరించామని లైబ్రేరియనే రాసిస్తే మా అభ్యంతరం పోతుంది. పిల్ల తండ్రిదీ తాతదీ కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. ఫారం ఉంది, ఇవ్వమంటారా?"

"ఈ ముక్క ముందే ఆ కాగితంలో రాయొచ్చు కదండీ?"

"మీరడగలేదండీ" అన్నాడు.

బెంచీ మీద కూర్చుని ఫారం నింపాను. గ్రంథాలయం పేరు. నమోదులో తప్పు. సరైన నమోదు. నమోదు చేసినవారు, అక్కడ నా పేరు రాశాను. తర్వాతి గడి, 'తప్పు మొదట ఎప్పుడు దృష్టికి వచ్చినది'.

"ఈ మంగళవారం తేదీ ఎంత అక్కా?" అన్నాను.

మేనకోడలు జిగురక్క వంక చూసింది.

"చెప్పు అత్తా. నాకు చెప్పావు కదా."

"ఏమిటది?" అన్నాను.

"ఎందుకులెండమ్మా, ఇప్పుడు."

"చెప్పక్కా. నా బుర్ర తినకు."

ఆవిడ చీర అంచుకు ఎండిన జిగురును గోటితో గీకుతూ చెప్పింది. "ఆ అరకు మీరు కొత్త చీటీ రాసిచ్చి అతికించమన్నారమ్మా. అంతరించిన జాతులు అని. ఆ పొద్దునే మా అన్నకు ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. మీకు చెప్పాను. అమ్మా, మావాళ్ళు లేకపోవడమేంటి, ఇవాళే ఒకతె పుట్టింది అని."

"నేనేమన్నాను?"

"పుస్తకంలో ఉంది, అతికించు అన్నారు."

నాకు గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. కానీ అది నా మాటే, నేను రోజుకు పదిసార్లు అనే మాటే. ఆవిడ అతికించింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ అర ముందు నుంచే రోజూ తన బల్ల దగ్గరికి వెళ్ళింది.

పిల్ల దరఖాస్తు నా ఒళ్ళోనే ఉంది. అందులో పుట్టిన తేదీ చూసి, అదే తేదీ నా ఫారంలో ఎక్కించాను. దాని కింద ఆఖరి గడి, 'సవరణ ఆలస్యమునకు కారణము'. నాలుగు గీతల చోటు వదిలారు. 'చెప్పారు, నేను వినలేదు' అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

గుమస్తా అది చదివి, ఇంకోసారి చదివి, పిల్ల సర్టిఫికెట్టు మీద ముద్ర వేశాడు.